బెల్టు మార్చింది నేనే

ఈ మాట మోయడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు నిండా జుట్టుండేది. ఇప్పుడు జుట్టు లేదు, మాట మాత్రం ఉంది. దాని బరువు ఏళ్లు గడిచినకొద్దీ తగ్గుతుందని ఎవరో అంటే నమ్మాను. తగ్గలేదు. నా పేరు చెప్పను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి అదే మంచిది. అవతలివాడి పేరు కూడా మార్చి కిష్టయ్య అంటాను.

ముందు ఒక విషయం నిక్కచ్చిగా చెప్పనివ్వండి. నేను పని తెలిసినవాణ్ణి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. పని తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు మోయనక్కర్లేదు. తెలిసి చేశాను. అందుకే ఈ రాత.

మాది కృష్ణా జిల్లా. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చాను. ఊరి బయట ఒక సైనిక వర్క్‌షాపులో ఆయుధాలు బాగుచేసే మిస్త్రీని. యూనిఫారం లేదు, పని మాత్రం సైన్యానిదే. కాపురం చిక్కడపల్లిలో, ఒక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దున్నే సైకిలెక్కి లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా పోయేవాణ్ణి, సాయంత్రం చేతులకు నూనె వాసనతో తిరిగొచ్చేవాణ్ణి.

నా చేతికి వచ్చేవాటిలో పాత రకం మెషిన్‌గన్లు ఉండేవి, గొట్టం చుట్టూ నీళ్లు నింపి చల్లబరిచేవి. వాటికి తూటాలు నేతపట్టీ మీద వస్తాయి. పట్టీ పొడవునా చిన్న చిన్న గూళ్లు, గూటికొక తూటా. దాన్నే బెల్టు అంటాం. ఒక జవాను గన్ కాలుస్తాడు. పక్కన ఇంకొకడు కూర్చుని బెల్టును చేతులతో సమంగా లోపలికి అందిస్తాడు. గన్ మధ్యలో ఆగిపోతే అందరూ గన్‌ను తిడతారు. నేను బెల్టును చూస్తాను. ఎక్కువసార్లు రోగం అక్కడే ఉంటుంది. తూటా గూట్లో వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిగినా, గూడు బిగుసుకున్నా, సాగిపోయినా, అందించే చెయ్యి ఒక పక్కకు వాలినా గన్ నోరు మూసేస్తుంది. ఆగినప్పుడు దాని పక్కనుండే పిడి ఎక్కడ నిలిచిందో చూస్తే చాలు, వైద్యుడు నాడి పట్టినట్టు ఇరవై అడుగుల దూరం నుంచే సంగతి చెప్పేవాణ్ణి. చెప్పింది తప్పేది కాదు. మా పెద్ద అధికారి కొత్తవాళ్లకు నన్ను చూపించి, ఇతని చేతిలోంచి వెళ్లిన గన్ ఆగదు అనేవాడు. ఆ మాట విని విని నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

కిష్టయ్య అక్కడ జవాను. చొక్కా చేతి మీద హోదా చార ఒకటి ఉన్నవాడు, రెండో చార రాబోతున్నవాడు. బెల్టు అందించడంలో అతని చేతులు వేరు. ఆ పొడవాటి బెల్టు అతని అరచేతుల మీదుగా నీళ్లు జారినట్టు జారేది. గన్‌కు తన ఊపిరి వినబడుతుందేమో అన్నంత నెమ్మదిగా కూర్చునేవాడు. కొత్తవాళ్లకు అది నేర్పడానికి అతన్ని శిక్షకుడి కోర్సుకు పంపాలని కాగితం కూడా తయారైంది. అతని ఇల్లు అశోక్‌నగర్‌లో, నాలాకు దగ్గరగా. సెలవు దొరికిన ఆదివారం నేనూ అతనూ నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగేవాళ్లం. నన్ను అన్నా అనేవాడు. మా ఆవిణ్ణి వదినా అనేవాడు.

అరవైతొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో, ఊరు ఎలా ఉండేదో ఆ వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. మాలాంటి కోస్తా కుటుంబాలు తలుపులు వేసుకుని కూర్చున్న రోజులు. ఒక మధ్యాహ్నం మా వీధి చివర నినాదాలు వినిపించాయి. నేను డ్యూటీలో ఉన్నాను. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఇంట్లో. సెలవు మీద ఉన్న కిష్టయ్య ఎవరూ పిలవకుండానే అశోక్‌నగర్ నుంచి నడిచి వచ్చి మా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరైనా తొంగిచూస్తే "మా అన్న ఇల్లు" అన్నాడట, అంతే. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి చాట ముందు పెట్టుకుని మా ఆవిడకు చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెడుతున్నాడు. అప్పటికే అతని సొంత తమ్ముడు, కాలేజీలో చదివేవాడు, ఉద్యమంలో పట్టుబడి జైల్లో ఉన్నాడు. ఆ సంగతి నాతో తర్వాత చెప్పాడు, మామూలుగా, వర్షం వచ్చింది అన్నట్టు.

ఇలాంటి మనిషికి చేశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది వర్షాలు ముదిరాక ఒక పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. ఆయన ముందు గన్ కాల్చి చూపాలి. బెల్టులు చూసి సరిగా ఉన్నాయని పుస్తకంలో సంతకం పెట్టవలసింది నేను. రెండు రోజుల ముందు గోదాము పైకప్పు కారింది. బెల్టులున్న పెట్టెలోకి నీళ్లు పోయాయి. తడిసిన నేతపట్టీని నీడలో, గాలికి, తొందరపడకుండా ఆరనివ్వాలి. వేడి తగిలితే ఒకచోట ముడుచుకుంటుంది, ఒకచోట గట్టిపడుతుంది. ఈ సంగతి నేనే ఎంతమందికి చెప్పి ఉంటానో. అయినా బొగ్గుల కుంపటి తెప్పించి దాని పైన తాడు కట్టి బెల్టు ఆరేశాను. ఎందుకు? కొత్త బెల్టు కావాలంటే పెద్ద గోదాముకు కాగితం రాయాలి, ఆలస్యానికి కారణం చెప్పాలి, కప్పు కారుతోందని నెల ముందే చెప్పనందుకు మాట పడాలి. ఇదంతా సాకు. అసలు సంగతి, నా చేతిలో గన్ ఆగదు అన్నవాడికి ఇంకొకరిని అడగడం నామోషీ. కుంపటి మీద ఆరిన బెల్టును అక్కడక్కడ నాలుగు గూళ్లు వేలితో తడిమి చూశాను. బాగానే ఉందనిపించింది. బాగానే ఉండాలనుకున్నాను. సంతకం పెట్టాను.

తనిఖీ రోజు వాన తెరిపిచ్చింది. గన్ మొదలైంది. నేను వెనక వరసలో నిలబడ్డాను, చేతులు కట్టుకుని, ధీమాగా. ఇంకా సగం బెల్టు కూడా పోలేదు, ఆగింది. కాల్చేవాడు సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు ఆ పెద్ద అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. నాకు మొదటిసారికే తెలిసిపోయింది. పిడి నిలిచిన చోటు చూశాను, బిగిసిన గూట్లోంచి తూటా రాలేదు. ఇంత స్పష్టంగా నాకు ఏ రోగమూ ఎప్పుడూ కనబడలేదు. కిష్టయ్య చేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, నెమ్మదిగా, సమంగా.

అప్పుడే చెప్పవలసింది. ఒక్క అడుగు ముందుకు వేసి, తప్పు బెల్టుది, బెల్టు నాది అంటే సరిపోయేది. మహా అయితే జీతంలో కోత, చెడ్డమాట. ఉద్యోగం పోయేది కాదు. ఇది ఇప్పుడు లెక్క వేసి చెప్పడం కాదు, ఆ క్షణంలోనూ నాకు తెలుసు. మరి కాలు ఎందుకు కదల్లేదు?

విచారణ వేశారు. బెల్టునూ గన్‌నూ పరీక్షించి చెప్పమని ఎవరికి అప్పగించారో ఊహించగలరు. నాకే. పని తెలిసినవాణ్ణి కదా. తలుపు వేసుకుని బల్ల మీద బెల్టు పరిచాను. గూళ్లు ఒక్కొక్కటే చూశాను. ఒక మూరెడు మేర అట్టలా బిగుసుకుని ఉంది. పిల్లాడికి చూపించినా తెలిసేది. నేను ఆ బెల్టు చుట్టి పాత గుడ్డల సంచి అడుగున పెట్టాను. వేరే పెట్టెలోంచి తడవని బెల్టు తీసి, చెడిన బెల్టుకున్న నంబరు చీటీ విప్పి దీనికి కట్టాను. నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఒకటుంది. గన్ విప్పి బిగించేటప్పుడు ఎంత నిబ్బరంగా ఉంటానో అంత నిబ్బరంగా చేశాను. తర్వాత పాత బెల్టును కత్తిరతో ముక్కలు చేసి నూనె తుడిచే గుడ్డల్లో కలిపేశాను.

మర్నాడు విచారణ అధికారి ముందు అదే గన్ కాల్చి చూపించారు. బెల్టు అందించడానికి ఇంకో జవానును కూర్చోబెట్టారు. కిష్టయ్యను పక్కన నిలబెట్టారు. గన్ ఒక్కసారి కూడా ఆగలేదు. చివరి తూటా దాకా పాట పాడినట్టు పాడింది. నేను గన్ వైపు చూడలేదు, కిష్టయ్య వైపు చూశాను. అతను తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. అరచేతులు తిప్పి, మళ్లీ తిప్పి.

అధికారి నన్ను అడిగాడు, బెల్టు అందించేవాడి పొరపాటు వల్ల గన్ ఇలా ఆగే అవకాశం ఉందా అని. ఉంది సార్ అన్నాను. అబద్ధం కాదు. ఏ పుస్తకం తీసినా ఆ మాట ఉంటుంది. నిజాన్ని తీసుకొచ్చి అబద్ధం నోట్లో పెట్టడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. ఇంకెవరో అతని తమ్ముడి సంగతి ఎత్తారు. తమ్ముడు జైల్లో ఉంటే మనసు పని మీద ఎలా నిలుస్తుంది, ఈ రోజుల్లో ఇక్కడివాళ్ల మనసులు ఎటున్నాయో ఎవరికి తెలుసు, అన్న ధోరణిలో మాటలు నడిచాయి. నేను కోస్తావాణ్ణి. నా మనసు ఎటుందని ఎవరూ అడగలేదు. అడగకపోవడం నాకు కలిసొచ్చింది. కలిసొచ్చిందని ఆ రోజు సంతోషించాను కూడా. ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను.

తీర్పు రాకముందు ఆదివారం కిష్టయ్య నన్ను నారాయణగూడ హోటల్‌కు పిలిచాడు. ఆ పది నిమిషాలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అతను చాయ్ ముందు పెట్టుకుని చాలాసేపు తాగలేదు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఆ దినం బెల్టు నువ్వు చూసినవ్ గదా?"

"చూశాను."

"మంచిగనే ఉండెనా?"

"బాగానే ఉంది కిష్టయ్యా. మొన్న పరీక్షలో ఎలా నడిచిందో నువ్వూ చూశావుగా."

"అవ్, చూసిన. గందుకే అడుగుతున్న. ఆ దినం నా చేతికి బెల్టు జర గట్టిగ తగిలినట్టయింది. నాకట్ల అనిపించిందో, నిజంగనే ఉండెనో సమజైతలేదు."

అతని చేతులకు తెలిసింది. నేను కళ్లతో చూసి, వేళ్లతో తడిమి తెలుసుకున్నదాన్ని అతని చేతులు గన్ నడుస్తుండగానే పట్టుకున్నాయి. నాకంటే పని తెలిసినవాడు నా ఎదురుగా కూర్చుని, తనకు తెలిసింది నిజమేనా అని నన్ను అడుగుతున్నాడు.

"నీకు అలా అనిపించి ఉంటుంది," అన్నాను. "తమ్ముడి సంగతి మనసులో ఉందాయె. మనిషికి ఒక్కోసారి అలా అవుతుంది."

"అంటే నా చెయ్యే అంటవా?"

"అయి ఉండొచ్చు."

తల ఊపాడు. కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "నువ్వు చెప్తే ఇగ ఏముందన్నా," అన్నాడు. "నీకంటె తెల్సినోడు ఎవడున్నడు?"

చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచాడు. వదినను అడిగినట్టు చెప్పమన్నాడు.

విచారణలో అన్న మాటకు ఏదో ఒక కారణం వెతుక్కోవచ్చు. పై అధికారులు, ఉద్యోగం, పిల్లలు. హోటల్లో ఎవరున్నారు? మేమిద్దరమే. అక్కడ నిజం చెప్పి, ఇది మన మధ్యనే ఉంచు తమ్ముడూ అని కాళ్లు పట్టుకున్నా అతను ఉంచేవాడు. నాకు తెలుసు. అతను శిక్ష అనుభవించేవాడు, కానీ తన చేతుల మీద నమ్మకంతో అనుభవించేవాడు. ఆ నమ్మకం కూడా తీసేసుకున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

తీర్పులో కిష్టయ్యకు ఉన్న ఒక్క చారా పోయింది. కోర్సు కాగితం చించేశారు. అతన్ని వంటసామాను గోదాములో పనికి పెట్టారు. ఏడాది తిరగకుండా సర్వీసు వదిలేసి ఇంటికొచ్చేశాడు. మా ఇంటికి మళ్లీ రాలేదు. మా ఆవిడ ఆరునెలల దాకా అడుగుతూ ఉండేది, మీ తమ్ముడు ఏమయ్యాడండీ అని. బదిలీ అయిందని చెప్పాను. ఆమె పోయేదాకా అదే నమ్మింది.

నాకు ప్రమోషను వచ్చింది. పని బాగా చేశాను. ఆ తర్వాత ఎన్నడూ తడిసిన బెల్టును వేడికి ఆరబెట్టలేదు, ఎవరినీ ఆరబెట్టనివ్వలేదు. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకున్న రోజులున్నాయి. ఎవరికి ప్రాయశ్చిత్తం? గన్లకా?

చాలా ఏళ్ల తర్వాత చిక్కడపల్లిలోనే సొంతిల్లు కట్టుకుంటూ కిటికీల కలప కోసం ముషీరాబాద్‌లో ఒక కోతమిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర చీటీలు రాస్తున్న మనిషి లేచి నిలబడి "అన్నా!" అన్నాడు. కిష్టయ్యే. తల నెరిసింది. నన్ను చూసి అంత సంతోషపడతాడని అనుకోలేదు. పిల్లలు ఎంత పెద్దవాళ్లయ్యారని అడిగాడు, వదిన చేతి పులుసు గుర్తుచేశాడు. లోపల రంపం తిరుగుతోంది. నువ్వు మిషను దగ్గర ఉండాల్సినవాడివి, ఇక్కడ చీటీలు రాయడమేంటి అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. నవ్వాడు.

"మిషిన్ కాడికి పోనన్నా. మాలిక్ రమ్మంటడు, జీతం ఎక్కువిస్తనంటడు. నేనే పోను. నా చేతుల మీద నాకు భరోసా లేదు. ఒకపారి దెబ్బతిన్న గదా."

చెప్పడానికి దేవుడు ఇచ్చిన రెండో అవకాశం అది. ఎండ పడుతున్న మధ్యాహ్నం, పక్కన ఎవరూ లేరు. నేను టేకు చెక్క ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగాను. అతను ఒక దుంగ దగ్గరకు తీసుకెళ్లి, దాని మీద అరచెయ్యి ఆనించి, రెండు క్షణాలు ఆగి, ఇంక ఎండాలె అన్నా, ఇది తీస్కోకు, ఆ పక్కది తీస్కో అన్నాడు. పక్కదే తీసుకున్నాను. ఇప్పటికీ ఆ కిటికీలు బిగుసుకోలేదు, వంగలేదు. ఆ చేతులు ఏనాడూ తప్పు చెప్పలేదు.

కిష్టయ్య పోయి మూడేళ్లయింది. ఆలస్యంగా తెలిసింది. అతను పోయాక గాని నాకు ఈ ధైర్యం రాలేదంటే, అతను పోవడం కోసమే ఆగానా? ఈ ప్రశ్న నన్ను వదలదు. నేనూ దాన్ని వదిలించుకోను. అవునేమో. బతికున్న కిష్టయ్య కళ్లలోకి చూసి చెప్పలేనివాణ్ణి కాగితం మీద వీరుణ్ణయ్యాను.

అయితే కాగితంతో ఆగలేదు. పోయిన నెల ఒక పొద్దున జరిగిందంతా అసలు పేర్లతో నాలుగు పేజీలు రాసి, కింద సంతకం పెట్టి, అశోక్‌నగర్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని భార్య లచ్చమ్మ తలుపు తీసింది. నేనెవరో చెప్పాను. అన్నా, లోపటికి రాండ్రి అంది, కుర్చీ చూపించింది. ముందు ఇది చదివించుకో అమ్మా, తర్వాత కూర్చోమంటే కూర్చుంటాను అన్నాను. ఆమెకు చదువు రాదు. కూతుర్ని పిలిచింది. బడిలో పంతులమ్మ ఆ అమ్మాయి, గొంతు స్పష్టంగా ఉంది. గోదాము కారడం దగ్గర్నుంచి మొదలుపెట్టి చదివింది. కుంపటి చదివింది. చీటీ మార్చడం చదివింది. నారాయణగూడ హోటలు చదివేటప్పుడు ఆగి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. అంతమాత్రం చెయ్యగలిగాను.

చివరి వాక్యం దాకా వచ్చింది. కిష్టయ్య చేతుల్లో ఏ లోపమూ లేదు, చెడ్డ బెల్టును కూడా అవి సరిగానే అందించాయి, బెల్టును చెడగొట్టిందీ మార్చిందీ నేనే అని రాశాను.

లచ్చమ్మ తిట్టలేదు, ఏడవలేదు, "పోనియ్యి అన్నా" అని అనలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదని నాకు తెలుసు, ఆమె కూడా ఇవ్వడానికి తొందరపడలేదు. కానీ, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గదిలో నా మాట నా చెవులతో ఇంకొకరి నోట విన్నప్పుడు నాకు ఊపిరి లోపలిదాకా వెళ్లింది. అంత లోతుగా వెళ్లి ఎన్నాళ్లయిందో.

"చేతుల మాట ఉన్నది జూడు," అంది లచ్చమ్మ కూతురితో, "గది మల్ల సదువు బిడ్డా."

ఆ అమ్మాయి మళ్లీ చదివింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే విన్నాను.